గాల్లో పెట్టె

జ్ఞానాపురంలో మాది రెండు గదుల వాటా.
ముందు గదిలో రౌటర్, వెనక గదిలో పైడితల్లి,
మధ్యలో ఇనప బీరువా, దాని పక్కన నీళ్ల డ్రమ్ము.
కొళాయి రోజు విడిచి రోజు వచ్చే వీధి మాది.

ఇనుమూ నీళ్లూ సిగ్నల్ని తాగేస్తాయని
నిన్నగాక మొన్న తెలిసింది.
ఆ డ్రమ్ము మీద ఆరేళ్లుగా నేను మోపిన నేరాల్లో
రుజువైంది ఇదొక్కటే.

శిక్షణ వాళ్లు అరువిచ్చిన హెడ్‌సెట్టు, పదిరోజులకి.
ముక్కు దగ్గర ఎవరిదో చెమట వాసన,
నుదుటి పట్టీలో ఎవరిదో నెరిసిన వెంట్రుక.
పదకొండో రోజు పరీక్ష.
నలభై మీటర్ల ఎత్తున అద్దాల గదిలో కూర్చుని
ఓడ మీంచి పెట్టె ఎత్తి లారీ మీద దించాలి,
బుట్టలో కోడిగుడ్డు పెట్టినట్టు.
ఆ బ్యాచిలో ఆడమనిషి తనొక్కతే.

మొదటి రాత్రి పెట్టె మెట్లు మెట్లుగా దిగింది.
సముద్రం చిరిగింది, అతుక్కుంది, మళ్లీ చిరిగింది.
"ఏటిది, నాను తల తిప్పిన సేపటికి గానీ లోకం తిరగట్లేదు"
అంటూనే పెరట్లోకి పరిగెత్తి
మధ్యాహ్నం తిన్న పులుసంతా కక్కేసింది.
జాలరిపేట పిల్ల.
ఏ బోటు మీదా కడుపు తిప్పని మనిషికి
నా వైఫై మీద సముద్రపు వాంతి.

ఫోన్లో వెతికి చూస్తే తెలిసింది, గాలి ఎంత ఇరుకో.
పై వాటా తౌడుగారు, ఎదురుగా కుట్టుమిషన్ల కొట్టు,
చర్చి వెనక హాస్టలు,
"ముట్టుకోవద్దు" అని పేరు పెట్టుకున్న ఇంకెవరో.
పదిహేడు ఇళ్లు ఒకే సందులో
సంతకెళ్లే గేదెల్లా ఒళ్లు రాసుకుంటున్నాయి.

డాబాగార్డెన్స్ వెళ్లి పదిహేను మీటర్ల తీగ కొన్నాను.
గుమ్మం మీదుగా, దేవుడి గూటి వెనక నుంచి
మేకులు కొట్టుకుంటూ లాక్కొచ్చి
రౌటర్ని వెనక గదిలో దండెం కొక్కేనికి వేలాడదీశాను.
కంప్యూటర్ని దానికి పొట్టి తీగతో ముడేశాను.
ఐదు గిగాహెర్ట్జ్ గోడ దాటలేదట.
దాటనక్కర్లేదు.
పక్కగదికి వినపడని గుసగుస చాలు మాకు.

వంద పైన ఒక ఛానెల్ ఖాళీగా దొరికింది,
సోమవారం పొద్దుటి యారాడ తీరంలా.
ఎందుకు ఖాళీయో తర్వాత చదివాను.
అది రాడార్ల దారి.
వాళ్లు పలకనంతసేపూ మనం నడవొచ్చు.
అందుకే అక్కడ నోరు విప్పే ముందు
రౌటర్ ఒక్క నిమిషం ఊరికే వింటుంది.
మా వంశంలో అలాంటివాడు ఇంకా పుట్టలేదు.

మూడో రాత్రి.
చెక్క కుర్చీలో పైడితల్లి,
రెండు చేతుల్లో నాకు కనపడని రెండు పిడులు.
నాకు కనపడేది ఓ నైటీ, నాలుగు పచ్చ దీపాలు,
తన మోచేతికి జానెడు దూరంలో బీరువా అంచు.
"గాలెక్కువుంది" అంది.
ఫ్యాను ఆపాను.
"ఆ గాలి కాదు."
మళ్లీ వేశాను.

పెట్టె లేచినట్టుంది, తన భుజాలు చెప్పాయి.
ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను, ఎందుకో.
అప్పుడు ఒక దీపం పచ్చ నుంచి పసుపుకి మారింది.

"ఏటైపోనాది? పెట్టి గాల్లోనే ఉండిపోనాది!"
"రాడార్. నేవీ వాళ్లదో, తుపాను చూసేవాళ్లదో.
కొత్త దారి వెతుక్కుంటోంది. నిమిషం."

హెడ్‌సెట్టు తియ్యలేదు.
చేతులు దించలేదు.
ముప్పై టన్నుల బరువు కింద
తన మణికట్టు నరం ఒకటి కొట్టుకుంటోంది.
నేను అంకెలు లెక్కపెడుతున్నాను, పైకి కాదు.
నలభై దగ్గర, హార్బరు వైపు నుంచి
ఓడ కూత, పొడుగ్గా.

"ఇది లోపల్దా, బైటదా?"
"బయటిది."
"అయితే ఆగమను.
నా సేతిలో పెట్టి ఉంది."